ఎక్సలేటర్ వైరు పోయింది, లాగ్ ఎక్కడి నుంచి వచ్చింది?

మన మెకానిక్ షెడ్లలో 'కేబుల్' అనే మాట పెద్దగా వినపడదు. క్లచ్ వైరు, బ్రేకు వైరు, ఎక్సలేటర్ వైరు, మీటరు వైరు. అన్నీ వైర్లే. అందుకే కొత్త బండి ప్రకటనలో 'రైడ్ బై వైర్' అని గొప్పగా రాసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ టెక్నాలజీ వచ్చి చేసిన పని, మనం వైరు అని పిలిచేదాన్ని పీకేయడమే.

ఇవాళ చాలా పెద్ద టూరింగ్ బళ్లలో చేతికీ ఇంజిన్‌కీ మధ్య లాగే తీగ లేదు. గ్రిప్ దగ్గర ఒక సెన్సర్, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ పక్కన చిన్న మోటారు, మధ్యలో ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్. రైడ్ బై వైర్ అంటే ఇదే. తీగ పోయిందిగానీ దాంతోపాటు వచ్చిన ఒక ఫిర్యాదు మాత్రం పోవడం లేదు. "తిప్పితే ముందు ఏమీ రాలేదు, ఆ తర్వాత ఒక్కసారిగా గుంజింది." రైడర్లు దీన్ని థ్రాటిల్ లాగ్ అంటారు. తప్పు సెన్సర్‌దో మోటారుదో అనుకుంటారు. నా లెక్కలో అది చాలావరకు ఎలక్ట్రానిక్స్ నెమ్మదితనం కాదు, కంపెనీలు తెలిసే పెట్టిన ఆలస్యం. ఎందుకు పెట్టాయో తెలియాలంటే వైరున్న రోజులకు వెళ్లాలి.

యమహా ఆర్‌ఎక్స్100 మన దగ్గర 1985 నుంచి 1996 దాకా తయారైంది. దాని పికప్ గురించి ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ పైమూత విప్పితే వైరు చివర బోర్లించిన చిన్న గ్లాసులాంటి స్లైడు, దాని కింద సన్నటి సూది వేలాడుతూ బయటికొస్తాయి. గ్రిప్ ఎంత తిప్పితే స్లైడు అంత లేస్తుంది. మధ్యలో ఎవరి పెత్తనమూ లేదు. మరి ఆలస్యం లేదా అంటే ఉంది. వైరు సాగితే గ్రిప్ కొంతదూరం ఊరికే తిరిగేది. ఒక్కసారిగా మొత్తం తిప్పేస్తే గాలి ముందు దూసుకొచ్చి పెట్రోలు వెనకబడేది. ఇంజిన్ 'బ్వా' అని నోరు తెరిచి, అప్పుడు అందుకునేది. ఎంత వేగంగా తిప్పాలో మణికట్టుకు అలవాటైపోయేది. దాన్ని ఎవరూ లాగ్ అనలేదు. "వాడికి తిప్పడం రాదు" అనేవారు.

పెద్ద ఇంజిన్లకు ఆ అలవాటు సరిపోలేదు. 1965లో వచ్చిన హోండా సీబీ450లో వేరే రకం కార్బొరేటర్లు పెట్టారు. అందులో చేతి మాట వినేది ఒక గుండ్రటి రేకు మాత్రమే. స్లైడును లేపేది ఇంజిన్ లాగే గాలి. మీరు గ్రిప్ పూర్తిగా తిప్పినా, ఇంజిన్ అంత గాలి పీల్చే స్థితిలో లేకపోతే స్లైడు కిందే ఉంటుంది. తర్వాత బీఎండబ్ల్యూ ఆర్75/5లోనూ ఇదే పద్ధతి. అంటే చేతికీ ఇంజిన్‌కీ మధ్య మొదటి మధ్యవర్తి వచ్చింది కంప్యూటర్‌తో కాదు, ఒక రబ్బరు డయాఫ్రమ్‌తోనో పిస్టన్‌తోనో. దాని మీద ఎవరూ గొడవ పెట్టలేదు. ఎందుకంటే బండి మెత్తగా కదిలింది.

కార్బొరేటర్ బదులు పెట్రోలును కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఈ మధ్యవర్తి పోయాడు. 1980లో కవాసకీ జడ్1000-హెచ్1, 1983లో బీఎండబ్ల్యూ కే100 ఆ దారి తొక్కాయి. పెట్రోలు సంగతి కంప్యూటర్ చూసుకుంటోంది, గాలి రేకు మాత్రం మళ్లీ నేరుగా చేతికే. పెద్ద రేకు చప్పున తెరుచుకుంటే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం పడిపోతుంది, బండి కుదుపుతుంది. 2000లో సుజుకీ జీఎస్‌ఎక్స్-ఆర్750లో దీనికి మందు కనిపెట్టింది. చేతితో తెరిచే రేకు పైన, అదే గొట్టంలో, మోటారుతో తిరిగే రెండో రేకు పెట్టింది. పాత స్లైడు చేసే పనే, ఇప్పుడు ఈసీయూ చేతిలో. కొందరు రైడర్లు ఆ రెండో రేకు పీకేసి బండి పదునెక్కిందని మురిసిపోయారు. రైడ్ బై వైర్ మీద తిరుగుబాటు అది పుట్టకముందే మొదలైందన్నమాట.

పూర్తి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేసుల్లో ముందు కనపడింది. ఏప్రిలియా 2002లో మోటోజీపీకి తెచ్చిన ఆర్‌ఎస్ క్యూబ్‌లో అది ఉంది. లొంగని బండిగా పేరు పడింది. రోడ్డు బండిలో 2006 యమహా ఆర్6 దాన్ని నిలబెట్టింది. తమాషా ఏమిటంటే అందులో గ్రిప్ నుంచి తీగలు అలాగే ఉన్నాయి. అవి వెళ్లి సెన్సర్‌ను తిప్పుతాయి, సెన్సర్ ఈసీయూకు చెబుతుంది, ఈసీయూ మోటారుకు చెబుతుంది. చేతికి పాత బరువు తెలియాలని అలా ఉంచారు.

రేసు బండికి ఇది సరే, నింపాదిగా వెళ్లే టూరింగ్ బండికి ఎందుకు? ఒకటి క్రూజ్ కంట్రోల్, అంటే చెయ్యి తీసినా బండి ఒకే వేగంలో పోవడం. తీగల కాలంలో దానికోసం విడిగా ఒక యంత్రం పెట్టి తీగను లాగించాల్సి వచ్చేది. రేకు మోటారు చేతిలో ఉంటే క్రూజ్ కంట్రోల్ అంటే కొన్ని లైన్ల సాఫ్ట్‌వేర్, ఒక బటన్. రెండోది పొగ. అమెరికాలో పెద్ద బళ్లకు హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి కిలోమీటరుకు 1.4 గ్రాములు మించకూడదన్న నిబంధన 2006 మోడళ్లకు వచ్చింది. 2010కి అది 0.8 అయింది. చెయ్యి ఎప్పుడు ఎంత తిప్పుతుందో తెలియని బండికి ఆ లెక్క కుదర్చడం కష్టం. రేకును తానే తెరిస్తే ఈసీయూకు గాలీ పెట్రోలూ రెండూ ముందే తెలుస్తాయి.

మూడోది శబ్దం. లాగ్ గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది దీన్ని వదిలేస్తారు. అంతర్జాతీయంగా వాడే పరీక్షలో బండి ఒక నిర్ణీత వేగంతో వస్తుంది, పాత పద్ధతిలో అది 50 కిలోమీటర్లు. ఒక గీత దాటగానే రైడర్ గ్రిప్ పూర్తిగా తిప్పేస్తాడు. 20 మీటర్లు అలాగే పోవాలి. దారి మధ్యరేఖకు 7.5 మీటర్ల దూరంలో రెండు వైపులా మైకులుంటాయి. ఆ కొద్దిసేపట్లో వచ్చిన పెద్ద చప్పుడే ఆ బండి లెక్క. తీగ ఉన్న బండిలో రేకు పూర్తిగా తెరుచుకోక తప్పదు. మోటారున్న బండిలో మాత్రం ఆ గేరులో, ఆ వేగంలో రేకు ఎంత తెరుచుకోవాలో కంపెనీ రాసుకోవచ్చు. ఈ వెసులుబాటును మరీ ముదరనివ్వకూడదనే తర్వాతి నిబంధనల్లో వేరే వేగాల్లోనూ కొలిచే అదనపు పరీక్షలు చేర్చారు. అంటే రైడర్ రెండో గేరులో, మూడో గేరులో, ఊళ్లో తిరిగే వేగంలో గ్రిప్ తిప్పినప్పుడు బండి తటపటాయించడానికి ఒక కారణం ఆ మైకులు.

హార్లీ-డేవిడ్సన్ 2008 మోడళ్ల టూరింగ్ బళ్లన్నిటికీ ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పెట్టింది. సెన్సర్ హ్యాండిల్ గొట్టం లోపలే, గ్రిప్ చివర. బయట తీగ కనపడదు, చూడటానికి శుభ్రంగా ఉంటుంది. (ఎత్తు హ్యాండిల్ వేసుకోవాలనుకునేవాళ్లు సన్నటి వైర్లను అతికి పొడిగించుకుంటూ తిట్టుకున్నారు, అది వేరే కథ.) దానికి ముందు ఏడాదే 1584 సీసీ ఇంజిన్, ఆరు గేర్లు వచ్చాయి. ఆరో గేరు హైవే కోసం, ఇంజిన్ చాలా నిదానంగా తిరుగుతుంది. అందులో ఉండి ఓవర్‌టేక్‌కని గ్రిప్ తిప్పితే బండి బద్ధకిస్తుంది. తీగ ఉన్నా బద్ధకించేదే. కానీ తీగ పోయిన ఏడాదీ కొత్త గేరు అలవాటుకాని రోజులూ కలిసిపోయేసరికి తప్పంతా రైడ్ బై వైర్ మీదే పడింది.

కొంతకాలం ఈ అనుమానానికి భయం కూడా తోడైంది. 2009, 2010లలో టొయోటా కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయన్న ఆరోపణలు వచ్చి, అమెరికా ప్రభుత్వం చివరికి నాసా ఇంజినీర్ల చేత ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ను పరీక్ష చేయించింది. అలాంటి పెద్ద దూకుడుకు కారణమయ్యే ఎలక్ట్రానిక్ లోపం దొరకలేదని 2011 ఫిబ్రవరిలో చెప్పారు. బళ్లలో కూడా గ్రిప్ సెన్సర్ ఒకటే సంకేతం ఇవ్వదు, రెండు ఇస్తుంది. రెండూ పొసగకపోతే ఈసీయూ బండిని కుంటినడకకు దించేస్తుంది.

ఆ తర్వాత రైడింగ్ మోడ్‌లు వచ్చాయి. 2010లో డుకాటీ మల్టీస్ట్రాడా 1200లో స్పోర్ట్, టూరింగ్, అర్బన్, ఎండ్యూరో. 2011లో బీఎండబ్ల్యూ కే1600లో రెయిన్, రోడ్, డైనమిక్. హోండా గోల్డ్‌వింగ్ 2018 దాకా ఆగి, అప్పుడు టూర్, స్పోర్ట్, ఎకాన్, రెయిన్ అని నాలుగు పెట్టింది. నా మటుకు నాకు అసలు సాక్ష్యం ఇదే. అదే సెన్సర్, అదే మోటారు. బటన్ నొక్కితే లాగ్ తగ్గుతోందంటే అది ఇనుములో లేదు, రాతలో ఉంది.

ఒకసారి స్నేహితుడి పెద్ద టూరింగ్ బండికి ఎయిర్ క్లీనర్ విప్పి చూశాం. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్ చేసి గ్రిప్ తిప్పితే ఇత్తడి రంగు రేకు చేతితోపాటే తిరిగింది. ఎంత చప్పున తిప్పినా కంటికి తేడా దొరకలేదు. టిక్కుమని తెరుచుకోవడం, టిక్కుమని మూసుకోవడం. (చూడాలనుకుంటే చూడండి గానీ వేలు మాత్రం పెట్టకండి.) అదే బండిని మర్నాడు దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కించాం. రెండో గేరులో మలుపు లోపలికి గ్రిప్ పూర్తిగా మూసి వెళ్లి, మధ్యలో మళ్లీ తెరిస్తే ఆ క్షణం ఖాళీ ఉండనే ఉంది. గ్రిప్ మూసి దొర్లుతున్నప్పుడు ఈసీయూ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. మళ్లీ తెరవగానే ఇన్‌టేక్ గొట్టం గోడలు పెట్రోలుతో తడవాలి, మంట అందుకోవాలి, చెయిన్లలోనో బెల్టులోనో గేర్లలోనో ఉన్న ఆట తీరాలి. ఇవన్నీ కలిసి చక్రానికి చేరేసరికి నాలుగు వందల కిలోల బండి మలుపులో పక్కకు ఒరిగి ఎదురుచూస్తుంటుంది. టెన్షన్ అక్కడ. మందు కూడా పాతదే: గ్రిప్ పూర్తిగా మూయకుండా వెంట్రుకవాసి తెరిచే ఉంచి, వెనక బ్రేకుతో వేగం పట్టుకోవడం, కావాలంటే కాస్త హాఫ్ క్లచ్.

మార్కెట్‌లో దొరికే 'థ్రాటిల్ బూస్టర్' పెట్టెల సంగతి చెప్పాలి. గ్రిప్ పావు తిప్పితే సగం తిప్పినట్టు అవి ఈసీయూకు అబద్ధం చెబుతాయి. బండి చురుకైనట్టే ఉంటుంది, ఇంజిన్‌లో మాత్రం ఏమీ మారదు. ఘాట్ మలుపుల్లో మరీ ఎగిరెగిరి పడుతుంది. ఈసీయూ మ్యాప్, అంటే ఎంత తిప్పితే ఎంత తెరవాలో అందులో రాసి ఉన్న లెక్క, మార్పిస్తే నిజంగానే మారుతుంది. కానీ మైకులకూ పొగ మీటరుకూ ఇచ్చిన మాట తప్పినట్టే, వారంటీ కూడా పోవచ్చు.

మన దగ్గర ఈ గొడవ పెద్ద బళ్లవాళ్లకే పరిమితమై ఉండేది. 2017లో కేటీఎం 390 డ్యూక్, 2020లో టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్310, 2023లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 దాన్ని కిందికి దించాయి. 2025లో హీరో గ్లామర్ ఎక్స్ అనే 125 సీసీ బండికీ క్రూజ్ కంట్రోల్ వచ్చేసింది. ఈ మధ్య మా వీధి మెకానిక్ దగ్గరికి ఒక కుర్రాడు ఇలాంటి కొత్త బండి తెచ్చి "పికప్ లేట్‌గా వస్తోంది అన్నా" అన్నాడు. ఆయన అలవాటుగా గ్రిప్‌ను బొటనవేలితో అటూ ఇటూ ఆడించి వైరు ఎంత లూజుందో చూశాడు, అడ్జస్టర్ నట్టు కోసం కిందికి వంగి తడిమాడు. ఏమీ తగల్లేదు. నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని, షోరూముకు తీసుకెళ్లి ల్యాప్‌టాప్ పెట్టించుకోమన్నాడు.