తల ఊపు, కంటి చూపు, చేతి సైగ: దేహభాషపై అపోహలు – వాస్తవాలు

ఉద్యోగానికి విదేశాలకు వెళ్ళేవారికి, ఇక్కడే కూర్చుని విదేశీయులతో వీడియో కాల్స్‌లో పనిచేసేవారికి ఆయా దేశాల మాటతీరు, మర్యాదలు నేర్పడం చాలా ఏళ్ళుగా నా వృత్తి. హైదరాబాద్‌లోని నా తరగతుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, జర్మనీకి వెళ్ళబోయే నర్సులు, సెలవు ముగిసి మళ్ళీ గల్ఫ్‌కు బయల్దేరే మేస్త్రీలు పక్కపక్కన కూర్చుంటారు. దేహభాష గురించి కొన్ని మాటలను వారు ముందే బలంగా నమ్మి వస్తారు. ఆ మాటల్లో చాలావాటిని ఊరూరా వ్యాపింపజేసింది మా వృత్తిలోని వారే కనుక, వాటిని సరిదిద్దవలసిన బాధ్యత కూడా మాదేనని నేను భావిస్తాను.

అపోహ: మనం చెప్పేదానిలో మాటల వాటా 7 శాతమే; మిగిలిన 93 శాతం గొంతు, ముఖం, శరీరం చెబుతాయి.

వాస్తవం: ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1967లో ప్రచురించిన రెండు చిన్న ప్రయోగాల ఫలితాలను జోడించి కట్టిన లెక్క ఇది. ఆ ప్రయోగాలలో సంభాషణ లేదు, పూర్తి వాక్యం కూడా లేదు. విడివిడి పదాలను వేర్వేరు గొంతులతో వినిపించి, ఒకదానిలో ముఖాల ఫొటోలు కూడా చూపించి, మాట్లాడిన మనిషికి ఎదుటివారంటే ఇష్టమో అయిష్టమో చెప్పమన్నారు. మాట ఒకటి చెబుతూ, గొంతూ ముఖమూ మరొకటి చెబుతున్నప్పుడు ఇష్టాయిష్టాల విషయంలో వినేవారు దేనిని నమ్ముతారన్నదే అక్కడి ప్రశ్న. ఆ సందర్భం దాటితే తన సూత్రం వర్తించదని మెహ్రాబియనే స్పష్టం చేశారు. మాటలకు ఏడు శాతమే విలువైతే, డాక్టరు ఫోన్‌లో చెప్పిన మందు మోతాదు మనకు ఏమాత్రం అర్థం కాకూడదు. ఈ అంకెను ఇప్పటికీ మొదటి స్లైడ్‌లో చూపించే శిక్షకులను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే దానిని నమ్మిన పిల్లలు భాష నేర్చుకోవడం మాని నిలబడే తీరు నేర్చుకుంటున్నారు.

అపోహ: తల నిలువుగా ఊపితే అవును, అడ్డంగా ఊపితే కాదు, ప్రపంచమంతా ఇంతే.

వాస్తవం: బల్గేరియాలో సంప్రదాయంగా ఇది తిరగబడి ఉంటుంది. అక్కడ అడ్డంగా ఊపితే అవును, నిలువుగా ఊపితే కాదు. గ్రీస్, టర్కీ దేశాలలో గడ్డం పైకెత్తి, కనుబొమలు ఎగరేసి, ఒక్కోసారి నాలుకతో చిన్న చప్పుడు చేస్తే అది ‘కాదు’. ఇదే కదలికను మనం రోజుకు ఎన్నిసార్లు చేస్తామో గమనించండి. వీధిలో ఎదురైన మిత్రుణ్ణి చూసి గడ్డం ఎగరేస్తే మనకది ‘ఏంటి సంగతి?’ అన్న పలకరింపు. ఇటలీలో రోమ్ వాసులు ‘కాదు’ అనడానికి తల అడ్డంగా ఊపితే, నేపుల్స్‌లోనూ సిసిలీలోనూ గ్రీకుల మాదిరిగా తల వెనక్కి విసరడం కూడా ఉంది. మనుషుల సైగలను అధ్యయనం చేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త డెస్మండ్ మోరిస్ బృందం 1979లో ఈ సరిహద్దును వివరిస్తూ, ప్రాచీన గ్రీకులు ఆ తీరంలో వలస ఏర్పరచుకున్న ప్రాంతాలతో దానికి సంబంధం ఉందని చెప్పింది. రాజ్యాలు పోయినా, భాష మారినా, మెడ తిప్పే తీరు నిలిచిపోయిందన్నమాట.

ఇక మన మూడో ఊపు సంగతి చెప్పాలి, ఎందుకంటే నా పనిలో ఎక్కువ నష్టం చూసింది దానివల్లనే. కొంతకాలం క్రితం ఒక కంపెనీ నన్ను పిలిపించి ఒక కాల్ రికార్డింగ్ చూపించింది. పని శుక్రవారానికి పూర్తవుతుందా అని అవతల జర్మన్ మేనేజర్ అడిగారు. మన వైపు అమ్మాయి నోరు విప్పకుండా తలను ఒకసారి ఎడమ భుజం వైపు, ఒకసారి కుడి భుజం వైపు మెత్తగా వాల్చింది. ఆయన ఒక్క క్షణం ఆగి, ‘సరే, వచ్చే వారం చూద్దాం’ అన్నారు. ఆ అమ్మాయి మళ్ళీ అలాగే తల వాల్చింది. శుక్రవారం సాయంత్రానికి ఆమె చెప్పినట్టే పని ముగించి పంపింది. అప్పటికే ఆయన తన ఖాతాదారుకు వారం ఆలస్యమవుతుందని తెలియజేసి, క్షమాపణ కూడా చెప్పేశారు.

ఆ రికార్డింగ్‌ను నిదానంగా నడిపించి తరగతిలో అందరికీ చూపించినప్పుడు తెలుగువారిలో ఒక్కరికి కూడా సందేహం రాలేదు: ఆమె ‘అలాగేనండి’ అంది. అయితే ఆ ఊపు ఎప్పుడూ ‘అలాగే’ కాదు. రెప్పలు కాస్త వాల్చి నెమ్మదిగా వాలిస్తే ఒప్పుకోలు. పెదవి విరుస్తూ వాలిస్తే ‘చూద్దాం లెండి’. ఎదుటివారు మాట్లాడుతుండగా చిన్నగా, వెంటవెంటనే ఊపితే ‘వింటున్నాను, చెప్పండి’. వినడాన్ని ఒప్పుకోవడంగా పొరబడే ప్రమాదం మనకూ తెలుసు కనుకనే ‘గంగిరెద్దులా తలాడించాడు’ అనే మాట మన భాషలో ఉంది. ఆ తల ఊపును మానుకోమని నేను ఎవరికీ చెప్పను. ఊపుతూనే ‘అవును, శుక్రవారం సాయంత్రానికి’ అని నోటితో పూర్తిగా పలకమంటాను. ఆ అమ్మాయికీ అదే నేర్పాను.

అపోహ: మాట రాకపోయినా చేతి సైగలతో ఎక్కడైనా బతికేయవచ్చు.

వాస్తవం: కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన ఒక మేస్త్రీ తన మొదటి గల్ఫ్ ఉద్యోగం గురించి మా తరగతిలో చెప్పిన సంగతి నేను మరచిపోలేను. ఆయన ఏదైనా అడగడానికి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అరబ్బు సూపర్‌వైజర్ ఐదు వేళ్ళ కొసలు ఒకచోట చేర్చి, పైకి చూపిస్తూ చేతిని కిందికీ మీదికీ ఆడించేవాడట. తిన్నావా అని అడుగుతున్నాడనుకుని ఈయన ప్రతిసారీ ‘తిన్నాను సాబ్’ అని కడుపు నిమిరి చూపించేవాడు. అరబ్బు దేశాలలో ఆ సైగకు ‘కాస్త ఆగు, ఓపిక పట్టు’ అని అర్థం. అదే సైగ ఇటలీలో ‘అసలు ఏమంటున్నావు?’ అన్న విసుగు. వేళ్ళ అమరిక ఒకటే అయినా మనం నోటి దగ్గరికి తీసుకువెళ్తాం, అరబ్బులు ఛాతీ ముందు ఆడిస్తారు. తేడా చేతి ఎత్తులో ఉంది. అది ఎవరైనా ఒకసారి చూపిస్తేనే కంటికి ఆనుతుంది.

మన సైగలు కూడా బయటివారికి ఇంతే అయోమయంగా ఉంటాయి. ముక్కున వేలేసుకోవడం, బుగ్గలు నొక్కుకోవడం, గుడిలో లెంపలు వేసుకోవడం, దిష్టి తీస్తూ కణతల దగ్గర మెటికలు విరవడం వంటివి మన మాటల్లోనూ మన చేతుల్లోనూ కలిసి పెరిగాయి. పుట్టుకతో చూపు లేనివారు కూడా మాట్లాడేటప్పుడు చేతులు కదుపుతారని 1998లో ఒక పరిశోధన చూపింది. టర్కిష్, ఇంగ్లీషు మాట్లాడే అంధులను పోల్చిన 2016 నాటి మరో పరిశోధనలో, ఎవరి సైగలు వారి భాష పోకడనే అనుసరించాయని తేలింది. చేయి కదపడం మనిషికి సహజమే అయినా, అది కదిలే తీరును భాష నేర్పుతుంది.

బధిరుల సంజ్ఞా భాష ప్రపంచమంతా ఒకటే అనుకోవడం దీని పక్కనే ఉన్న మరో అపోహ. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఇంగ్లీషే మాట్లాడినా, అక్కడి బధిరుల సంజ్ఞా భాషలు ఒకరివి ఒకరికి అర్థం కావు. భారతీయ సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉంది.

అపోహ: ముఖంలోని భావాలు మాత్రం ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: ఇది సగం నిజం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఎక్‌మన్ 1960ల చివర పపువా న్యూగినీలోని ఫోరే ప్రజలకు ఫొటోలు చూపించి, బయటి ప్రపంచంతో పెద్దగా పరిచయం లేనివారు కూడా ఆనందం, కోపం, దుఃఖం వంటి భావాలను గుర్తిస్తారని వాదించారు. 2016లో కార్లోస్ క్రివెల్లి బృందం అదే దేశంలోని ట్రోబ్రియాండ్ దీవులలో ఇలాంటి ప్రయోగమే చేసినప్పుడు, మనం భయంగా చదివే ముఖాన్ని అక్కడివారు బెదిరింపుగా చదివారు. పైగా, ఏ భావాన్ని ఎవరి ముందు ఎంతవరకు చూపించాలో ప్రతి సమాజానికీ నియమాలు ఉంటాయని ఎక్‌మన్ కూడా అంగీకరించారు. చావు ఇంట్లో శోకాలు పెట్టి ఏడవడం మర్యాద అయిన చోటు ఉంది, పళ్ళ బిగువున కన్నీరు ఆపుకోవడం మర్యాద అయిన చోటూ ఉంది.

అపోహ: కళ్ళలోకి చూడనివారు అబద్ధం చెబుతున్నట్టే.

వాస్తవం: అన్ని అపోహలలోకీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే, ఎందుకంటే దీనివల్ల మనుషులకు అన్యాయం జరుగుతుంది. పెద్దలు మాట్లాడుతుంటే తల దించుకుని వినాలని పెంచిన పిల్లవాడు వీసా ఇంటర్వ్యూలో అదే వినయం చూపిస్తే, అవతలి మనిషి దానిని దాపరికంగా చదవవచ్చు. అబద్ధాన్ని కేవలం చూసి, విని పట్టుకోవడంలో మనుషుల సగటు విజయం 54 శాతమేనని, అంటే నాణెం ఎగరేయడం కంటే కాస్త మెరుగని, అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి 2006లో వెలువరించిన విశ్లేషణ చెప్పింది. విమానాశ్రయాలలో ప్రవర్తనను బట్టి అనుమానితులను గుర్తించే అమెరికా కార్యక్రమానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని 2013లో ఆ దేశ ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థే తేల్చి, నిధులు తగ్గించమని సూచించింది. అభ్యర్థులకు నేను చూపు నిలపడం నేర్పుతాను. ఇంటర్వ్యూ చేసే మన అధికారులకు మాత్రం, చూపును బట్టి నిజాయితీకి మార్కులు వేయవద్దని మరింత గట్టిగా చెబుతాను.

అపోహ: సైగలు రక్తంలో ఉంటాయి, తరాలు మారినా పోవు.

వాస్తవం: డేవిడ్ ఎఫ్రన్ న్యూయార్క్‌లోని యూదు, ఇటాలియన్ వలస కుటుంబాలను గమనించి 1941లో ప్రచురించిన అధ్యయనం ఈ మాటను ఖండించింది. సంప్రదాయ జీవనంలో ఉన్నవారి సైగలు స్పష్టంగా వేరుగా ఉండగా, అమెరికా జీవితంలో కలిసిపోయిన వారి సంతానంలో ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. మణికట్టు తిప్పి ‘ఏమైంది?’ అని నాయనమ్మ వీడియో కాల్‌లో అడిగితే, అమెరికాలో పుట్టిన మనవరాలు చేయి ఊపి వీడ్కోలు చెప్పడం నేను చూశాను.

అపోహ: దేశానికొక నిషిద్ధ సైగల జాబితా బట్టీపడితే చాలు.

వాస్తవం: జాబితాలు కొంతవరకే ఆదుకుంటాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపిన సున్నా గుర్తు అమెరికాలో ‘బాగుంది’, జపాన్‌లో డబ్బు, బ్రెజిల్‌లో బూతు అని తెలిసి ఉండటం మంచిదే. అయితే 1992లో కాన్‌బెర్రాలో అమెరికా అధ్యక్షుడు సీనియర్ బుష్ కారులోంచి రెండు వేళ్ళు చూపించినప్పుడు, అరచేయి తనవైపు తిరిగి ఉండటంతో ఆస్ట్రేలియన్లకు అది తిట్టయింది. సైగ తెలిసినా చేయి తిరిగిన దిక్కు తెలియలేదు. జాబితాలో ఉండనివి ఇలాంటివే.

జర్మనీకి వెళ్ళే నర్సులతో నేను చేయించే అభ్యాసం లెక్కపెట్టడం. మనవారు బొటనవేలితో వేళ్ళ కణుపులు తడుముతూ ఒక్క చేతితో పన్నెండు వరకు లెక్కిస్తారు. చూసే జర్మన్‌కు అది లెక్క అని కూడా తెలియకపోవచ్చు. అక్కడ ఒకటి అంటే బొటనవేలు, రెండు అంటే దానితో కలిపి చూపుడువేలు. జపాన్‌లోనైతే తెరిచిన అరచేతిలో బొటనవేలిని ముందుగా మడుస్తారు. అందుకే మాత్రల సంఖ్యను వేళ్ళతో చూపించవద్దని, నోటితో పలికి, కాగితం మీద అంకె వేసి, ఎదుటివారిచేత తిరిగి చదివించుకోమని వారికి చెబుతాను.