ఐనూల మూలాలు: సమాధుల నుంచి కోర్టుల దాకా

2019లో జపాన్ ఐనూలను తమ దేశపు మూలవాసులుగా చట్టంలో రాసుకుంది. జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలో తరతరాలుగా ఉన్నవాళ్లకు ఆ గుర్తింపు అంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? వాళ్లు ఎవరన్న ప్రశ్నను బయటివాళ్లు ఎలా అడిగారో చూస్తే కొంత అర్థమవుతుంది.

19వ శతాబ్దంలో యూరప్ పండితులు కొందరు ఐనూ మగవాళ్ల గుబురు గడ్డాలు చూసి వీళ్లు తెల్లజాతివాళ్లే అన్నారు. పుర్రెలు కొలవాలన్న పిచ్చి ముదిరింది. 1865లో హొక్కైడో రేవుపట్నం హకొదాతెలోని బ్రిటిష్ కాన్సులేట్ సిబ్బంది ఐనూ ఊళ్లలో సమాధులు తవ్వి ఎముకలు ఎత్తుకుపోయారు. తర్వాత జపాన్ యూనివర్సిటీలూ అదే దారి పట్టాయి. ఒక్క హొక్కైడో యూనివర్సిటీలోనే 1,000 మందికి పైగా అవశేషాలు పోగయ్యాయి. కుటుంబాలను అడగకుండా తవ్వి తెచ్చినవి వాటిలో ఎన్నో. పరిశోధన అని పేరు పెట్టినంత మాత్రాన అది దొంగతనం కాకుండా పోదు.

తెల్లజాతి కథ తప్పని డీఎన్ఏ తేల్చేసింది. ఐనూల వంశంలో పెద్ద వాటా జోమోన్ ప్రజలది. వరిసాగు రాకముందు జపాన్ దీవుల్లో వేల ఏళ్లు వేట, చేపలు, అడవి కాయలతో బతుకుతూ మట్టికుండలు చేసుకున్నవాళ్లు వాళ్లు. హొక్కైడో పక్కనున్న రెబున్ దీవిలో దొరికిన, సుమారు 3,800 ఏళ్ల కిందటి ఒక జోమోన్ స్త్రీ జన్యువులను పరిశీలిస్తే, ఇప్పటి జనాల్లో ఆమెకు అందరికంటే దగ్గరివాళ్లు ఐనూలే. ఐనూ మగవాళ్లలో ఎక్కువగా కనిపించే 'డి' రకం వై క్రోమోజోమ్ (తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది) మన అండమాన్‌లోని ఒంగే, జారవాలలోనూ ఉంది. అలాగని ఇద్దరినీ దగ్గరి చుట్టాలనుకోకూడదు. ఆ శాఖలు విడిపోయి పదుల వేల ఏళ్లయింది.

అయితే ఐనూలు జోమోన్‌ల నకలు కారు. సుమారు 5వ శతాబ్దం నుంచి హొక్కైడోకు ఉత్తరాన ఉన్న సఖాలిన్ దీవి వైపు నుంచి ఓఖోట్స్క్ సముద్ర వేటగాళ్లు వచ్చి వీళ్లలో కలిశారు. తల్లివైపు జన్యువుల్లో ఆ జాడ ఉంది. ఆ ఓఖోట్స్క్ వేటగాళ్లు ఇళ్లలో ఎలుగు పుర్రెలు పేర్చి ఉంచేవారు. ఎలుగుపిల్లను సాకి, పెద్దయ్యాక చంపి, దాని ఆత్మను దేవతల లోకానికి సాగనంపే ఐనూల 'ఇయొమంతె' వేడుకకు మూలం అక్కడే ఉందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఇలా కలిసిన పాయల నుంచి 13వ శతాబ్దం నాటికి ఐనూ సంస్కృతి రూపం తీసుకుంది. రాత లేకుండానే 'యుకర్' అనే వీరగాథలు నోటి నుంచి నోటికి నడిచాయి.

1869లో జపాన్ హొక్కైడోను కలిపేసుకుంది. జింకల వేట, సాల్మన్ చేపల వేట మీద ఆంక్షలొచ్చాయి. 1899 చట్టం వేటగాళ్లను రైతులుగా, ఐనూలను జపనీయులుగా మార్చాలని చూసింది. బడుల్లో జపనీస్ తప్ప మరో భాష లేదు. చిరి యుకియె అనే ఐనూ అమ్మాయి అమ్మమ్మ తరం పాడిన గాథలను కాగితం మీద పెట్టి, 1922లో 19 ఏళ్లకే చనిపోయింది. ఆ పుస్తకం మరుసటి ఏడు అచ్చయింది.

1997లో, ఐనూల భూమి తీసుకుని కట్టిన నిబుతని డ్యామ్ కేసులో సప్పొరో జిల్లా కోర్టు ఐనూలను మూలవాసులని మొదటిసారి ఒప్పుకుంది. వాళ్ల భూమి తీసుకోవడం అక్రమమనీ చెప్పింది. అప్పటికే కట్టేశారు కాబట్టి డ్యామ్ మాత్రం ఉండిపోయింది. ఈ రెబున్ స్త్రీ జన్యువుల ఫలితాలు రావడానికి ఇంకా రెండు దశాబ్దాలు ఉంది. కోర్టుకు చరిత్రే సరిపోయింది. హక్కు ఇవ్వడానికి జన్యువుల రుజువు కోసం ఆగాల్సిన పని ఎప్పుడూ లేదు.

2019 చట్టం సంస్కృతి గురించి మాట్లాడింది గానీ భూమి, నదుల మీద హక్కులివ్వలేదు. ఐనూలు హొక్కైడో యూనివర్సిటీ మీద కోర్టుకెక్కాక 2016లో కొందరి ఎముకలు సొంత ఊరి మట్టికి చేరాయి. తొకాచి నదీముఖంలో సాల్మన్ పట్టే హక్కు తమదేనని ఒక ఐనూ సంఘం వేసిన కేసును మాత్రం 2024 ఏప్రిల్‌లో సప్పొరో జిల్లా కోర్టు కొట్టేసింది.