పులుపు ముందే పడితే ముక్క ఎందుకు ఉడకదు?

"బంగాళాదుంప ముక్కలు అరగంట ఉడికించినా గట్టిగానే ఉన్నాయి. దుంపలో లోపమా, నా వంటలో లోపమా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ముందు టమాటాలు మగ్గించి, నిమ్మరసం కూడా పిండి, ఆ తర్వాతే దుంప ముక్కలు వేశారట. జవాబు ఆ వరసలోనే ఉంది. కొందరి చేతికి కూర ఉడకదనే మాటను మాత్రం నమ్మకండి. ముక్క ఉడకడానికీ చేతి గుణానికీ ఏ సంబంధమూ లేదు, పులుపుకు మాత్రం చాలా ఉంది.

కూరగాయ ముక్కను ఇటుకల గోడ అనుకోండి. ఇటుకలు కణాలు, వాటిని అతికించే అడుసు పెక్టిన్. జామ్ గడ్డకట్టేదీ దీనివల్లే. 1825లో ఆన్రీ బ్రాకొనో అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త దీనికి గ్రీకు భాషలో గడ్డకట్టడాన్ని సూచించే మాటతో పేరు పెట్టాడు. గోడకు సున్నం ఎలాగో పెక్టిన్‌కు కాల్షియం అలాగ. పెక్టిన్ అణువులు పూసలు గుచ్చిన పొడవైన గొలుసుల్లా ఉంటాయి. పక్కపక్కనున్న రెండు గొలుసులను కాల్షియం మధ్యలో నిలబడి పట్టి ఉంచుతుంది. బడిలో మనం కణకవచం అంటే సెల్యులోజ్ అని చెప్పి ముందుకు వెళ్లిపోతాం, ఈ అడుసు సంగతి ఎత్తం. వంటింట్లో కథంతా నడిపేది అదే.

60 డిగ్రీలు దాటేసరికి కణాల పొరలు చెడి, లోపలి నీరు కారి ముక్క వడలుతుంది. వడలడం వేరు, మెత్తబడటం వేరు. మెత్తబడాలంటే ఇటుకల మధ్య అడుసు కరగాలి, అంటే పెక్టిన్ గొలుసు తెగాలి. ఆ గొలుసులో కొన్ని పూసలకు మిథైల్ అనే చిన్న రసాయన తొడుగు ఉంటుంది. వేడి నీటిలో హైడ్రాక్సైడ్ అయాన్లు అనే విద్యుదావేశమున్న సూక్ష్మ కణాలు వచ్చి, తొడుగున్న చోటే గొలుసును తెంపుతాయి. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 7 నుంచి 4కు దిగితే ఆ అయాన్లు వెయ్యో వంతుకు పడిపోతాయి. అడుసును కరిగించే కూలీలు వెయ్యి మంది ఉన్నచోట ఒక్కడు మిగిలినట్టు! టమాటా పీహెచ్ 4, 4.5 మధ్య ఉంటుంది. పెక్టిన్ అన్నిటికన్నా మొండిగా నిలిచేది సరిగ్గా ఆ దరిదాపుల్లోనే.

సోడా ఉప్పు ఇందుకు పూర్తిగా ఎదురు. చిటికెడు వేస్తే కూలీలు పెరిగి ముక్క తొందరగా మెత్తబడుతుంది. కానీ బి1, సి విటమిన్లు పాడవుతాయి. ఆ లాభానికి ఈ నష్టం నాకైతే సమ్మతం కాదు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. ముక్కలను 55, 60 డిగ్రీల వేడిలో అరగంట ఉంచితే, కూరగాయలోనే ఉన్న ఒక ఎంజైము మిథైల్ తొడుగులు ఊడదీస్తుంది. తొడుగు పోయిన చోట గొలుసు సులువుగా తెగదు, పైగా ఖాళీ అయిన పూసను కాల్షియం పట్టుకుంటుంది. అలా రెండు విధాలా బిగిసిన ముక్క తర్వాత మరిగే నీటిలో వేసినా చెదరదు. డబ్బాల్లో నిల్వచేసే కూరగాయలు బిరుసుగా ఉండటానికి ఈ ఉపాయాన్నే వాడతారు. కాబట్టి మెత్తగా కావాలంటే ముక్కలను మరిగే నీటిలోనే వేయండి, చల్లటి నీటిలో వేసి సన్నని సెగ మీద పెట్టకండి.

పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఇది చేసి చూడండి. ఒకే దుంపను ఒకే సైజు ముక్కలుగా తరగండి. ఒక గిన్నెలో వట్టి నీరు, రెండో గిన్నెలో అంతే నీటికి ఒక చెంచా నిమ్మరసం కలపండి. రెండూ మరిగాక ముక్కలు వేసి 15 నిమిషాలు ఉంచండి. చెంచాతో నొక్కితే మొదటి గిన్నెలో ముక్క పిండిపిండిగా చితుకుతుంది. రెండో గిన్నెలోది అంచులు చెదరకుండా చెంచా కింద నుంచి జారిపోతుంది.

ఇక ఆ పాఠకురాలికి: ముక్కను నీటిలో మెత్తగా ఉడకనిచ్చి, ఆ తర్వాతే టమాటా వేయండి. ఆకుకూరైనా, చిక్కుడుకాయైనా ఇదే వరస. పులుపు ముందే పడితే పచ్చదనంలోని మెగ్నీషియం కూడా ఊడి ఆకు రంగు మారుతుంది. నిమ్మరసమైతే పొయ్యి కట్టేశాకే పిండండి. దానిలోని సి విటమిన్ వేడికి పోకుండా మిగిలి, ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది.