ప్రభువు ఈ ఏడే వస్తాడా అని అడిగిన పిల్లలకు

హన్మకొండ,
జూన్ 24, 2020.

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య దీవెనలు. మార్చి నెలలో మందిరం తలుపులు మూసినప్పటి నుండి మన ఆదివారపు బడి నడవడం లేదు. ఈ నెల 8 నుండి మందిరాలు తెరవవచ్చని ప్రభుత్వం చెప్పినా, చిన్నపిల్లలూ అరవై అయిదు దాటిన ముసలివాళ్లూ ఇంటిపట్టునే ఉండడం మంచిదన్నారు కాబట్టి, బడి పిల్లలూ ఇంట్లోనే, పంతులూ ఇంట్లోనే. అందుకే మీ సందేహాలను మీ అమ్మానాన్నల ఫోనులో పంపమన్నాను. వచ్చిన వాటిలో చాలావరకు నోవహు ఓడ ఎన్ని మూరల పొడవు, గొల్యాతు ఎంత ఎత్తు అనే లెక్కల ప్రశ్నలే గాని, ఆరో తరగతికి వెళ్లబోయే ఒక అమ్మాయి మాత్రం ఇట్లా వ్రాసింది: "తాతయ్యా, కరోనా వచ్చింది, మిడతలు వస్తున్నాయట, చైనాతో యుద్ధం అంటున్నారు, మొన్న ఆదివారం సూర్యునికి గ్రహణం కూడా పట్టింది. ప్రభువు ఈ ఏడే వస్తాడా? పదో తరగతి పరీక్షలు రద్దు చేసినట్టు అన్నీ రద్దవుతాయా? అట్లయితే నేను ఆరో తరగతి పుస్తకాలు కొనుక్కోవాలా, వద్దా?"

యేసు ప్రభువు లోకాంతాన మళ్లీ వస్తాడని మనం నమ్ముతాం, దాన్నే రాకడ అంటాం. ఈ ప్రశ్న ఒక్క ఆ అమ్మాయిదే అనుకోకండి. పెద్దవాళ్ల మనసుల్లోనూ ఇదే తిరుగుతున్నది. కాకపోతే వాళ్లు పుస్తకాల సంగతి అడగరు, తెచ్చిన అప్పు తీర్చాలా వద్దా అని లోలోపల ఆలోచిస్తారు. పుస్తకాలు కొనుక్కో తల్లీ. ఎందుకు కొనుక్కోవాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు గ్రహణం సంగతి. అమావాస్య నాడు చంద్రుడు సూర్యునికీ భూమికీ నడుమ అడ్డం వస్తే సూర్యగ్రహణం పడుతుంది. ఏటా కనీసం రెండుసార్లు భూమి మీద ఎక్కడో ఒకచోట అది పడుతూనే ఉంటుంది, ఏ నిమిషానికి మొదలవుతుందో ఏండ్ల ముందే లెక్కగట్టి చెబుతారు. అంత ముందుగా తెలిసిపోయేదాన్ని, ఎవరికీ తెలియని దినానికి గుర్తుగా పట్టుకోవడం నాకు సబబుగా తోచదు. ప్రభువును సిలువ వేసిన నాడు కమ్మిన మూడు గంటల చీకటి కూడా గ్రహణం కాదు. అది యూదుల పస్కా పండుగ వేళ. పస్కా పున్నమికి వస్తుంది, పున్నమి నాడు సూర్యగ్రహణం పట్టదు. ఆ చీకటి ఏమిటో మనకు తెలియదు, తెలియదని ఒప్పుకోవడమే దానికి మర్యాద.

మిడతలకూ ఒక కారణం ఉంది. 2018లో రెండు తుపానులు అరేబియా ఎడారిని తడిపిపోతే, ఆ తడి ఇసుకలో అవి లెక్కకు మించి పుట్టి, తూర్పు ఆఫ్రికాను తినివేసి, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా రాజస్థాన్‌లోకి వచ్చి, మొన్న మే నెలాఖరుకు నాగపూర్ దాకా చేరాయి. మన ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, భూపాలపల్లి జిల్లాల్లో మందు పిచికారీకి యంత్రాలు సిద్ధం చేసి ఉంచారు. గల్వాన్ లోయలో ఈ నెల 15 రాత్రి మన సైనికులు ఇరవై మంది చనిపోయారు, వారిలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఉన్నారు. కరోనా గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ దుఃఖాలన్నీ నిజమైనవే, వీటిని తేలికగా తీసుకోమని నేను అనడం లేదు. కాని వీటిని కలిపి కూడికలు వేసి, ఫోనులో వీడియోలు చేసి తారీఖులు పంచేవాళ్లు మత్తయి సువార్త 24వ అధ్యాయాన్ని సగమే చదువుతున్నారు. ఒలీవల కొండ మీద శిష్యులు అడిగినప్పుడు, యుద్ధాలూ కరవులూ భూకంపాలూ కలుగుతాయని ప్రభువు చెప్పిన మాట నిజమే. ఆ వెంటనే, కలవరపడకండి, అంతం అప్పుడే రాదు అన్నాడు. ఇంకా కొంత ముందుకు వెళ్లి, ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప దూతలకైనా, కుమారునికైనా తెలియవని చెప్పాడు. కుమారునికే తెలియనిది వీడియో చేసినవానికి ఎట్లా తెలిసిందో మీరే అడగండి.

మిరుగు దాటింది, ఆరుద్ర కార్తె నడుస్తున్నది, ఇక చెరువుల్లోకి నీళ్లు రావాలి. కాకతీయుల నాటి పాఖాల, రామప్ప, లక్నవరం మొదలుకొని మన నేలంతా చెరువులే గనుక చెరువునే తీసుకుందాం. ప్రతి చెరువుకూ ఒక నీరటి ఉంటాడు. కట్టకు ఎండ్రికాయలు బొరియలు చేశాయా అని చూడడం, తూము ఎత్తి ఆయకట్టుకు వంతుల వారీగా నీళ్లు విడవడం, పొద్దుగూకితే తూము మూయడం, వాన గట్టిగా పడితే మత్తడి దగ్గర కాపలా ఉండడం అతని పని. పెద్ద వరద ఏ రాత్రి వస్తుందో అతనికి తెలియదు. తెలియదు కాబట్టే ప్రతి రాత్రీ కట్ట మీదకు వెళ్తాడు. తెలిసి ఉంటే ఆ ఒక్క రాత్రి తప్ప మిగతా రోజులన్నీ ఇంట్లో పడుకునేవాడు. తారీఖును దేవుడు మనకు ఎందుకు చెప్పలేదో నాకు తోచిన జవాబు ఇదే.

నా చిన్నప్పుడు మా ఊరి చెరువుకు ఉన్న నీరటి పొడుగాటి మనిషి, మాటలు తక్కువ. 1962 ఫిబ్రవరి మొదటి వారంలో అష్టగ్రహ కూటమి వచ్చింది. ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరుతున్నాయి, లోకం మునిగిపోతుందని దేశమంతా గగ్గోలు. హోమాలు చేసినవారు హోమాలు చేశారు, మా వాడకట్టులో రాత్రంతా ప్రార్థన కూటం పెట్టారు, కోళ్లున్నవాళ్లు కోళ్లు కోసుకుని తిన్నారు. ఆ చివరి సంగతి మాకు, పిల్లలకు, చాలా నచ్చింది. యాసంగి వరి మడుల్లో ఉంది. నీరటి రోజూ లాగే పొద్దుగూకే వేళకు గొంగడి భుజాన వేసుకుని తూము దిక్కు పోతుంటే, నేను వెంటబడి, లోకం మునుగుతుంటే నీకు భయం లేదా అని అడిగాను. అతను ఆగకుండానే అన్నాడు: "లోకం మునిగితె మునగనియ్యి బిడ్డా. తూము మూయకపోతె మాత్రం రేపు పటేలు నన్ను ముంచుతడు."

అతనికి బైబిలు తెలియదు. కాని యజమాని వచ్చే వేళకు ఇంటివారికి తగిన కాలంలో అన్నం పెడుతూ కనబడిన దాసుడు ధన్యుడని అదే 24వ అధ్యాయం చివర ప్రభువు చెప్పిన మాట చదివినప్పుడల్లా నాకు గొంగడి భుజాన వేసుకున్న ఆ మనిషే గుర్తుకు వస్తాడు. అంత్యదినాల గురించి ఎంత చదివినా, వంతుల వారీగా నీళ్లు పారించే పని మానుకుంటే ఆ చదువు వృథా.

కట్ట మీదకు వచ్చి "తెగింది, తెగింది" అని కేకలు వేసినవాళ్లు మాత్రం ప్రతి కాలంలోనూ ఉన్నారు. పౌలు బ్రతికి ఉండగానే థెస్సలొనీకలో కొందరు పని మాని తిరుగుతుంటే, పని చేయనివాడు తిననూ కూడదని ఆయన ఉత్తరం వ్రాయవలసి వచ్చింది. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు దానియేలు గ్రంథంలోని సంఖ్యలను లెక్కగట్టి రాకడ దగ్గరపడిందని బోధించగా, చివరకు అతని అనుచరులు 1844 అక్టోబరు 22 అని తేదీ పెట్టుకున్నారు. నమ్మిన రైతుల్లో కొందరు చేతికొచ్చిన పంటను పొలంలోనే వదిలేశారు, తెల్లవారింది, చలికాలమూ వచ్చింది. హెరాల్డ్ కాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు, అది దాటాక అక్టోబరు 21 అన్నాడు. ఇట్లాంటివాళ్లను చూసి నవ్వడం సులువు. నాకు మాత్రం కోయని ఆ పంట మీదనే మనసు పోతుంది.

మరి క్రైస్తవులందరూ ఒకే మాట చెబుతారా అంటే, చెప్పరు. ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో వెయ్యేండ్ల పాలన ఉంది, గొడవంతా దాని గురించే. ప్రభువు వచ్చిన తరువాతనే ఆ వెయ్యేండ్లు అని రెండవ శతాబ్దంలో ఇరేనియస్ వంటి పెద్దలు నమ్మారు. అందులోనే ఒక పాయ 1830ల నుండి జాన్ నెల్సన్ డార్బీ బోధతో బయలుదేరింది: విశ్వాసులు ముందే ఎత్తబడతారు, ఆ మీదట ఏడేండ్ల శ్రమలు, క్రీస్తు విరోధి, తరువాత రాకడ. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ బైబిలు దీన్ని లోకమంతా తిప్పింది. మన ఉజ్జీవ కూటాల్లో గుడ్డ మీద గీసి వేలాడదీసే పటాలన్నీ ఈ పాయవే. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీను మాత్రం ఆ వెయ్యేండ్లు సంఖ్య కాదు, ప్రభువు మొదట వచ్చినప్పటి నుండి మళ్లీ వచ్చే దాకా నడుస్తున్న ఈ సంఘ కాలమే అన్నాడు. రోమన్ కథోలికులూ లూథరనులూ ఇంచుమించు ఆ దారిలోనే ఉన్నారు. సువార్త లోకమంతా నిండి మంచి కాలం వచ్చాకనే ప్రభువు వస్తాడని ఆశపడినవారూ ఉండేవారు, మొదటి ప్రపంచ యుద్ధం వారి నోరు కొంత మూయించింది. మత్తయి 24వ అధ్యాయంలో చెప్పినవి చాలావరకు 70వ సంవత్సరంలో రోమా సైన్యం యెరూషలేమును కూల్చినప్పుడే జరిగిపోయాయనేవారు ఇంకొందరు. చెరువు మాటల్లో చెప్పాలంటే, యజమాని వచ్చాకే చెరువు నిండుతుందని ఒకరు, కంటికి ఆనకపోయినా చెరువు ఇప్పటికే నిండుతున్నదని ఒకరు, నిండాకే యజమాని వస్తాడని మరొకరు. యజమాని రాడని మాత్రం వీరిలో ఎవరూ అనరు. విశ్వాస ప్రమాణంలో అందరూ కలిసి పలికేది అదే.

నేను ఎటువైపని అడుగుతారు. మా నాయన పటం వేలాడదీసే పక్షం. నేను చదివిన కొద్దీ అగస్టీను వైపు ఒరిగాను. అయినా మా నాయన నాకంటే బాగా ప్రభువు రాక కోసం కనిపెట్టుకుని బ్రతికాడు, నాటు రోజుల్లో పొద్దున్నే అందరికంటే ముందు మడిలో దిగేవాడు.

కరోనాకు టీకా వస్తే అందులో 666 ముద్ర ఉంటుందని కూడా ఒకరు పంపారు. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో ఆ ముద్ర మృగాన్ని ఆరాధించేవారిది. ఎవరికి మొక్కుతామన్నది అక్కడి ప్రశ్న, ఏ సూది వేయించుకుంటామన్నది కాదు. ఆ సంఖ్యను ఒకప్పుడు నెపోలియన్‌కు అంటించారు, తరువాత హిట్లర్‌కు అంటించారు. మశూచి టీకాలవాళ్లు మా ఊరికి వస్తే మేము గడ్డివాముల వెనుక దాక్కునేవాళ్లం, పట్టుకొచ్చి మరీ వేశారు. 1980లో మశూచి లోకంలోనే లేదని ప్రకటించారు. టీకా వచ్చిన రోజున నేను ముందు వరుసలో నిలబడతాను.

తెగులు రోజుల్లో ఏం చేయాలో వెనుకటివారు చేసి చూపించారు. 1527లో విట్టెన్‌బర్గ్ పట్టణానికి ప్లేగు వస్తే మార్టిన్ లూథర్ ఊరు విడిచిపోలేదు. అంత్యదినం దగ్గర్లోనే ఉందని ఆయన గట్టిగా నమ్మేవాడు, అయినా ఇంటినే ఆసుపత్రి చేసి రోగులను చూశాడు. మందులు వాడండి, ఇంటికి పొగ వేయండి, అవసరం లేని చోటికి వెళ్లి రోగం అంటించకండి, పొరుగువానికి మీ అవసరం ఉంటే మాత్రం వెనుకాడకండి అని ఉత్తరం వ్రాశాడు. మూతికి గుడ్డ కట్టుకోవడం విశ్వాసం తక్కువై కాదని మీకు ఎవరైనా చెప్పవలసి వస్తే ఈ సంగతి చెప్పండి.

అంత దూరం ఎందుకు, మన మెదక్ వెళ్లి చూడండి, రాకపోకలు సాగినప్పుడు. 1914లో యుద్ధం మొదలైన ఏడే అక్కడ పెద్ద మందిరం పని మొదలైంది. యుద్ధం, దాని వెనుక 1918 ఇన్‌ఫ్లుయెంజా, కరవు. ఇంతకంటే గుర్తులేం కావాలి? మిషనరీ చార్లెస్ పాస్నెట్ దొర ఊరికే కూర్చుని ఆకాశం చూడలేదు, ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చి, పనికి తిండి పెట్టి, 1924 డిసెంబరు 25న ఆ మందిరాన్ని ప్రతిష్ఠ చేయించాడు. దాని రంగు అద్దాల కిటికీల్లో ఒకదాని మీద ప్రభువు ఆరోహణం ఉంది. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో ఆ రోజున తెల్లని బట్టలవారు ఇద్దరు వచ్చి శిష్యులను ఏమని అడిగారో చదివి, తరువాత ఆ కిటికీ కింద నిలబడండి.

ఇక ప్రకటన గ్రంథంలోని గుర్రాలూ బూరలూ పాత్రలూ గాజు సముద్రమూ ఏమిటని అడిగితే, అన్నీ నేను చెప్పలేను. పత్మాసు ద్వీపంలో ఉన్న యోహాను, ఇప్పటి టర్కీ దేశంలోని ఏడు సంఘాలకు, శ్రమల్లో ఉన్నవారి ధైర్యం కోసం దాన్ని వ్రాశాడు. పిల్లలను భయపెట్టడానికి కాదు. కొన్ని చోట్ల నేను కళ్లజోడు తీసి ఊరికే కూర్చుంటాను.

మీకు ఒక పని. చివరి రెండు అధ్యాయాలు, 21, 22, నెమ్మదిగా చదివి, ఆ పట్టణం బొమ్మ వేయండి. నది, నెలనెలా కాపు కాచే చెట్టు, జనాల స్వస్థత కోసమని చెప్పిన దాని ఆకులు, పన్నెండు పునాదుల రాళ్లు. రంగు పెన్సిళ్లు లేనివాళ్లు పసుపు, బొగ్గు వాడండి. గుమ్మాలు ఏ దిక్కున ఎన్ని ఉన్నాయో వాక్యంలో ఉంది, చూసి వేయండి. అవి మూయబడవని కూడా ఉంది కాబట్టి తలుపులు తెరిచే వేయాలి. వేసినవి వచ్చే శనివారం లోగా ఫోనులో పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య