ఫైనల్లో ఓడితే పేరు పోయినట్టేనా? ఒక బాస్కెట్‌బాల్ కోచ్ మాట

జూన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ మనకు పొద్దున ఆరింటికి మొదలవుతాయి. నారాయణగూడలో మా పిల్లలు వార్మప్ మానేసి కోర్టు మెట్ల మీద ఫోన్ల చుట్టూ మూగుతారు. మ్యాచ్ అయ్యేలోపే తీర్పులూ అయిపోతాయి: ఫలానావాడు వేస్ట్, ఫలానా కోచ్‌కి బుర్ర లేదు. ఎక్కడో ఉన్నవాళ్లని అంటే అన్నారు, అదే కొలతతో తమనీ కొలుచుకుంటున్నారు. నా బాధ అదీ.

అపోహ: ఫైనల్లో తప్పు చేస్తే ఆ మచ్చ ఇక పోదు.

వాస్తవం: 2013 ఫైనల్స్, ఆరో మ్యాచ్. నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లకే కప్పు. మయామీ హీట్ మీద సిరీస్‌లో 3-2తో ముందున్న శాన్ ఆంటోనియో స్పర్స్, 28 సెకన్లుండగా 5 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. కప్పు ప్రదానం కోసం కోర్టు చుట్టూ కట్టే పసుపు తాడు కూడా మయామీలో సిబ్బంది పట్టుకొచ్చేశారు. మయామీ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) కొట్టాడు. తర్వాత స్పర్స్‌లోని 21 ఏళ్ల కవాయ్ లెనార్డ్‌కి రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి ఇచ్చే, ఎవరూ అడ్డుపడని ఒక్కో పాయింట్ షాట్లు) దొరికితే ఒకటి పోయింది. స్పర్స్ కోచ్ పొపోవిచ్ త్రీ లైన్ కాపాడదామని, తప్పిన బాల్ పట్టే పొడగరి టిమ్ డంకన్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టాడు. ఆ స్థితిలో నేనైనా అదే చేసేవాణ్ణి. లెబ్రాన్ షాట్ తప్పింది, రీబౌండ్ (తప్పి తిరిగొచ్చిన బాల్) మయామీ ఆటగాడు క్రిస్ బాష్‌కి చిక్కింది, మూలకి వెనకడుగులు వేసిన అతని జట్టువాడు రే అలెన్ 5.2 సెకన్లుండగా త్రీ వేశాడు. 95-95. స్పర్స్‌కి ఓవర్‌టైమ్‌లో ఆ మ్యాచ్, ఏడో మ్యాచ్‌లో కప్పు పోయాయి.

మరుసటి ఏడాది అదే మయామీని స్పర్స్ 4-1తో ఓడించింది. ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) లెనార్డే. పొపోవిచ్‌కి ఐదో టైటిల్.

కొన్నేళ్ల కిందట ఒక స్కూల్స్ ఫైనల్లో మా టీమ్ అమ్మాయి ఒకతి చివరి రెండు ఫ్రీ త్రోలూ వదిలేసింది. ఒక్క పాయింట్‌తో ఓడాం. మర్నాడు వాళ్లమ్మ వచ్చి "ఇగ బంద్ చేపిస్త సార్, రాత్రంత ఏడ్సింది" అంది. ఆ తల్లి భయాన్ని తప్పుపట్టలేను. పిల్లని లైన్ దగ్గర నిలబెట్టి చూశాను. బాల్ అందగానే ఊపిరి బిగబడుతోంది, మోకాళ్లు వంగట్లేదు. అలసిన కాళ్లతో షాట్ వేయడం నేను నేర్పనేలేదు. ఆ రోజు నుంచి పరుగులన్నీ అయ్యాకే, రొప్పుతున్నప్పుడే ఫ్రీ త్రోలు వేయించాను. ఇప్పుడు కాలేజీ టీమ్‌లో ఆడుతోంది.

సిరీస్ వల్ల పేరు మారదని అనట్లేదు. ఏడు మ్యాచ్‌ల దాకా ఒకే ప్రత్యర్థి నీ బలహీనత మీదే పదే పదే కొడతాడు, అందుకే దానికంత బరువు. 2006 ఫైనల్స్‌లో మయామీ మీద 2-0 ఆధిక్యం నుంచి వరుసగా నాలుగు ఓడిన డాలస్ ఆటగాడు డిర్క్ నోవిట్‌స్కీ, 2011లో అదే మయామీ మీద కప్పు గెలిచాడు. మధ్యలో అయిదేళ్లున్నాయి. వాటిని ఎవరూ లెక్కబెట్టరు.

కప్పుల లెక్కే గొప్పతనమా? రాబర్ట్ హోరీకి 7, అందరూ గొప్పవాడనే మైకేల్ జోర్డాన్‌కి 6. హోరీ ఒక్కసారీ ఆల్‌స్టార్ (ఏటా ఎంపికచేసే మేటి ఆటగాళ్ల జట్టు) కాలేదు.

ఓడినవాణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకోరా? 1969లో ఫైనల్స్ ఎంవీపీ ఓడిన లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్.

కప్పు లేని కోచ్ దండగా? 1997, 98 ఫైనల్స్ రెండూ ఓడిన యూటా కోచ్ జెర్రీ స్లోన్ 2009లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి (బాస్కెట్‌బాల్ గొప్పవాళ్ల గౌరవ జాబితాకి) వెళ్లాడు. మన దగ్గర ఒక స్కూలు, ఫైనల్ ఓడిన వారానికే కోచ్‌ని మార్చేసింది. ఆయన నేర్పిన జోన్ డిఫెన్స్‌నే (ఒక్కొక్కరు ఒక్కో చోటు కాసే పద్ధతి) ఆ పిల్లలు ఇప్పటికీ ఆడుతున్నారు.