చెరిపేసిన డేటా తిరిగొస్తుందా? కసాండ్రా రిపేర్‌పై అపోహలు - వాస్తవాలు

కసాండ్రా అంటే డేటాను చాలా సర్వర్లలో (నోడ్లలో) పంచి దాచే డేటాబేస్; ఆ నోడ్ల గుంపే క్లస్టర్. గచ్చిబౌలిలో మా టీమ్ చూసే క్లస్టర్లలో ప్రతి డేటాకూ వేర్వేరు నోడ్లలో మూడు కాపీలుంటాయి. ఆ మూడూ వాటంతటవే ఒకేలా ఉండిపోతాయని చాలామంది నమ్ముతారు. ఉండవు. కాపీలను పోల్చి మళ్లీ ఒకేలా చేసే పనినే రిపేర్ అంటారు.

అపోహ: పడిపోయిన నోడ్ లేవగానే మిస్సయిన రైట్లన్నీ (రాసిన మార్పులన్నీ) హింట్ల ద్వారా, అంటే దానికోసం వేరే నోడ్ దాచిపెట్టిన నోట్ల ద్వారా అందుతాయి.

వాస్తవం: నోడ్ పడ్డాక దానికోసం హింట్లు రాసేది డీఫాల్ట్‌గా మొదటి 3 గంటలే. రాత్రి 11కి పడిన నోడ్‌ను పొద్దున 6కి లేపితే, రాత్రి 2 దాటాక జరిగిన రైట్లు హింట్లతో దానికి చేరవు.

అపోహ: రిపేర్ లేటయితే కొన్నాళ్లు పాత డేటా కనిపిస్తుంది, అంతేగా!

వాస్తవం: అసలు ప్రమాదం డిలీట్లతోనే. కసాండ్రాలో డిలీట్ కొడితే రో (డేటా వరుస) వెంటనే పోదు, చెరిపేశామన్న గుర్తుగా టూంబ్‌స్టోన్ పడుతుంది. కూకట్‌పల్లిలో ఒకావిడ యాప్‌లోంచి పాత అడ్రస్ తీసేశారనుకుందాం. రెండు నోడ్లలో టూంబ్‌స్టోన్ పడింది, మూడోది డౌన్‌లో ఉంది. టూంబ్‌స్టోన్‌ను ఉంచాల్సిన జీసీ గ్రేస్ గడువు డీఫాల్ట్‌గా 8,64,000 సెకన్లు, అంటే 10 రోజులు. అది దాటాక, డిస్క్‌లోని ఫైళ్లను కలిపి సర్దే కంపాక్షన్ ఆ టూంబ్‌స్టోన్లను తీసేస్తుంది. ఈలోగా రిపేర్ జరగకపోతే, మూడో నోడ్‌లో మిగిలిన పాత అడ్రస్ చెల్లదని చెప్పే ఆధారం ఇంకెక్కడా ఉండదు. తర్వాత ఏదో ఒక రీడ్‌లో ఆ నోడ్ జవాబిస్తే, చదివేటప్పుడు కాపీల మధ్య తేడాను సరిచేసే రీడ్ రిపేర్ ఆ పాత అడ్రస్‌నే మిగతా కాపీలకూ ఎక్కిస్తుంది. క్వోరంతో, అంటే మూడింట కనీసం రెండు కాపీలు జవాబిచ్చేలా, రాసి చదివినా ఇది ఆగదు. ఆవిడ వద్దన్న సమాచారాన్ని మనమే మళ్లీ పెట్టినట్టు. నా దృష్టిలో ఇది నమ్మకద్రోహమే.

అందుకే ఆ 10 రోజుల్లోపు రిపేర్ మొదలైతే చాలదు, పూర్తవ్వాలి. నేను వారానికోసారి పెడతాను.

అపోహ: రీడ్ రిపేర్ ఉండగా విడిగా రిపేర్ ఎందుకు?

వాస్తవం: అది చదివిన డేటాను మాత్రమే సరిచేస్తుంది.

అపోహ: ప్రైమరీ రేంజ్ రిపేర్ (నోడ్‌కు ప్రధానంగా కేటాయించిన డేటా భాగాన్నే సరిచేసేది) ఒక నోడ్ మీద నడిపితే సరిపోతుంది.

వాస్తవం: అన్ని డేటా సెంటర్లలో, ప్రతి నోడ్ మీదా నడపాలి.

అపోహ: రిపేర్ అంటే డేటా మొత్తం నెట్‌వర్క్ మీద పంపడం.

వాస్తవం: నోడ్లు మెర్కిల్ ట్రీల (డేటా నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తులను, అంటే హ్యాష్‌లను, చెట్టులా పేర్చినవి) హ్యాష్‌లు పోల్చుకుని, తేడా ఉన్న రేంజ్‌లనే (డేటా భాగాలనే) పంపుకుంటాయి. కాకపోతే ఆ ట్రీలు కట్టడానికి పోల్చాల్సిన డేటా అంతా చదవాలి కాబట్టి డిస్క్ మీద లోడ్ పడుతుంది. దసరా సేల్ టెన్షన్‌లో రిపేర్ ఆపాల్సొస్తే, ముందే ఆ టేబుల్స్‌కి జీసీ గ్రేస్ పెంచి పెట్టండి.

ఇక గడువు దాటేదాకా డౌన్‌లో ఉన్న నోడ్‌ను లేపి రిపేర్ కొడితే సరిపోతుందనుకోవద్దు. పాత డేటాతో దాన్ని లేపకండి. డిస్క్ ఖాళీ చేసి, కొత్త నోడ్‌గా రీప్లేస్ చేయండి.