ఇల్లు మారినప్పుడల్లా పసిపిల్లలకు ఏం తప్పిపోతోంది?

ఆషాఢంలో ఇల్లు మారకూడదని ఆగినవాళ్లంతా శ్రావణం రాగానే సామాన్లు సర్దుతారు. విజయవాడలో సత్యనారాయణపురం నుంచి సింగ్‌నగర్ దాకా బీరువా, గ్యాస్ బండ, మడత మంచం ఎక్కించుకున్న ట్రాలీ ఆటోలు తిరుగుతుంటాయి. కొత్త ఇంట్లో పాలు పొంగిస్తారు. ఏడాది తిరక్కుండానే ఓనరు అద్దె పెంచాడనో, కూతురికి పోర్షన్ కావాలన్నాడనో మళ్లీ టులెట్ బోర్డుల వేట.

ఆ తర్వాత మూడేళ్ల పిల్ల ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడుతుంది. అన్నం బుగ్గన పెట్టుకుని మింగదు. అర్ధరాత్రి లేచి "మనింటికి పోదాం" అని ఏడుస్తుంది. దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పేస్తాం. ఆ వయసులో నిద్ర, తిండి తెలిసిన గుర్తులను పట్టుకునే నడుస్తాయి: పడుకునే మూల, ఫ్యాను చప్పుడు, పక్కింటి మామ్మ గొంతు. అన్నీ ఒక్కసారే పోతే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరగవచ్చు. అమ్మానాన్నలు స్థిమితంగా ఉంటే ఎక్కువమంది పిల్లలు కొద్దిరోజుల్లో తేరుకుంటారు. అద్దె బాకీ, అడ్వాన్సు టెన్షన్‌తో వాళ్లకే నిద్ర లేకపోతే, తేరుకునేలోపే మరో ఇల్లు మారితే, ఆ వ్యవధి దొరకదు.

అమెరికాలో ఐదు నగరాల్లో, నాలుగేళ్లలోపు పిల్లలున్న 22,000కు పైగా అద్దె కుటుంబాలను పరిశీలించిన ఫలితాలు 2018లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చాయి. ఏడాదిలో రెండు, అంతకుమించి ఇళ్లు మారినవాళ్లను, అద్దె బాకీ పడ్డవాళ్లను, ఇల్లే లేకుండా పోయినవాళ్లను స్థిరంగా ఉన్నవాళ్లతో పోల్చారు. మూడు వర్గాల్లోనూ పిల్లల ఆరోగ్యం, పెంచేవాళ్ల ఆరోగ్యం బాగాలేదన్న మాట ఎక్కువగా వినిపించింది. ఇళ్లు మారడమే కారణమని దీన్నిబట్టి తేల్చలేం. డబ్బు కటకట ఇల్లూ మారుస్తుంది, కడుపూ మాడుస్తుంది. నా దృష్టిలో మంచి ఇంటికి ఇష్టపడి వెళ్లడం వేరు, తరిమితే వెళ్లడం వేరు.

కొత్త పేటలో ఏ కుళాయి నీళ్లు తాగొచ్చో, ఏవి కాచుకోవాలో చెప్పేవాళ్లు వెంటనే దొరకరు. 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీటివల్ల అతిసారం ప్రబలి ప్రాణాలే పోయాయి. చెమ్మ పట్టిన గోడలున్న గది చవగ్గా వస్తుంది; ఆస్తమా ఉన్న పిల్లలకు అక్కడి బూజు పడదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది టీకాల సంగతి. తట్టు, రుబెల్లాలను ఆపే ఎంఆర్ టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. అద్దె కుటుంబాలు ఈ మధ్యలోనే ఇల్లు మారొచ్చు. పాత వీధి ఆశా కార్యకర్త లిస్టులో పిల్లాడి పేరుంటుంది, ఆమె వచ్చేసరికి తలుపుకు తాళం. కొత్త వీధి ఆశాకు పిల్లాడున్నట్టే తెలియదు. టీకా కార్డేమో వంటసామాన్ల సంచి అడుగున ఎక్కడో ఉంటుంది. తప్పు ఎవరిదీ కాదు, డోసు మాత్రం తప్పిపోతుంది.

సామాన్లు ఎక్కించేముందే కార్డు రెండువైపులా ఫోన్లో ఫొటో తీసుకుని, దిగిన వారంలో అక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించండి. పిల్లలు పడుకునే దుప్పటి ఉతక్కుండా అలాగే తీసుకెళ్లండి, తెలిసిన వాసన కొంత ఊరటనివ్వొచ్చు. టీకాలు ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా ఉచితమే. ఎంఆర్ తప్పిపోయినా ఐదేళ్లలోపు వేయించుకోవచ్చు. మధ్యలో ఆగిన డోసులను మళ్లీ మొదటినుంచి వేయరు, ఆగినచోటునుంచే కొనసాగిస్తారు.